రాత్రి కాపలా: సైకిల్ పందెం, మందు, నమ్మకం

1980ల చివర్లో మా కరీంనగర్ జిల్లా పల్లెల్లోకి అప్పుడప్పుడు సైకిల్ తొక్కేవాడొకడు వచ్చేవాడు. బడి ముందరి జాగలో గుంజలు పాతి, తాడు కట్టి, మైకుసెట్టు పెట్టి, ఏడు రోజులు నేల మీద కాలు పెట్టకుండా తిరుగుతానని పందెం చెప్పేవాడు. తిండీ సైకిల్ మీదే, స్నానమూ సైకిల్ మీదే. పొద్దుగూకినాక ఛాతీ మీద ట్యూబ్‌లైట్లు పగలగొట్టించుకునేవాడు. మెచ్చినవాళ్లు అతని అంగీకి రూపాయి నోట్లు పిన్నీసుతో గుచ్చేవాళ్లు. పిల్లలకు మాత్రం అసలు ఆసక్తి రాత్రి మీద. ఊరు పడుకున్నాక దిగుతాడా, దిగడా? దుప్పట్లు కప్పుకొని కాపలా కూర్చునేవాళ్లం. నిద్ర రాకుండా సోడాలో ఏదో గోలీ కలుపుకుంటాడని ఒకడనేవాడు. అతనికో కవల తమ్ముడున్నాడని ఇంకొకడు. మా అనుమానమంతా ఆ మనిషి మీదే. ఏడు రోజులు నిద్ర మానితే తప్ప అతని కడుపు నిండని ఏర్పాటు మీద ఎవరికీ అనుమానం రాలేదు.

వృత్తి సైకిల్ పందేల చరిత్ర చదువుతున్నప్పుడల్లా నాకు ఆ కాపలా గుర్తొస్తుంది.

1890లలో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇదే తంతు భారీ ఎత్తున జరిగింది. ఒక్కొక్కడు ఆరు రోజుల పాటు, వీలైనంత వరకు నిద్ర మానుకొని, గుండ్రటి బాట మీద తొక్కాలి. నిద్రలేమితో కొందరికి మతి తప్పేది, లేనివి కనిపించేవి. జనం టిక్కెట్టు కొన్నది చాలా వరకు అది చూడటానికే. పక్కనున్న శిక్షకులు స్ట్రిక్నిన్, కొకైన్ వంటివి అందించేవారు. ఒక మనిషి రోజుకు 12 గంటలకు మించి తొక్కరాదని ఆ దశాబ్దం చివర చట్టం వచ్చింది. నిర్వాహకులు పందెం ఆపారా? లేదు. ఇద్దరేసి జట్టు కట్టించి ఇరవై నాలుగు గంటలూ నడిపించారు. మందమర్రిలోనో బెల్లంపల్లిలోనో బొగ్గుబాయి సైరన్ విన్నవాడికి షిఫ్టుల ఈ కిటుకు వివరించనక్కరలేదు.

రోడ్డు పందేలకు శిఖరమనదగ్గ టూర్ ద ఫ్రాన్స్ పుట్టుక ఇంకా విచిత్రం. యూదు సైనికాధికారి డ్రేఫస్‌పై మోపిన తప్పుడు రాజద్రోహ కేసులో 'ల వెలో' క్రీడాపత్రిక సంపాదకుడు ఆయన పక్షం వహించాడు. అది గిట్టని వాహన తయారీదారులు 1900లో పోటీగా 'లోటో' పత్రిక పెట్టించారు. అమ్మకాలు సాగక, ఆ పత్రికే 1903లో ఈ పందెం మొదలుపెట్టింది. అందరికన్నా ముందున్నవాడు 1919 నుంచి తొడుక్కునే పసుపు జెర్సీ ఆ పత్రిక కాగితం రంగే. రెండో ఏడే, 1904లో, మోసం చేశారని మొదటి నాలుగు స్థానాల వారినీ తొలగించి ఐదోవాణ్ణి విజేతను చేశారు. కాబట్టి ఒకప్పుడు నిష్కల్మషంగా ఉన్న ఆట తర్వాత చెడిపోయిందన్న విలాపానికి ఆధారం లేదు. ఇక్కడ సాహిత్య విద్యార్థి గమనించవలసింది వేరే ఉంది. పందెం నడిపినవాడూ, ఆ పందేన్ని వీరగాథగా రాసినవాడూ, ఆ గాథను అచ్చువేసి అమ్మినవాడూ ఒక్కడే. అభిమాని నమ్మకం ఆ అచ్చాఫీసులోనే తయారైన సరుకు.

ఆ గాథలో మొదటి పగులు 1924లో కనిపించింది. క్రితం ఏటి విజేత ఆన్రీ పెలిసియే, తమ్ముడు ఫ్రాన్సిస్, మరో సహచరుడు కుతాన్స్ పట్టణంలో పందెం వదిలేశారు. తగాదా జెర్సీ గురించి. తెల్లవారుజామున చలికి రెండు తొడుక్కున్నా, ఎండ ఎక్కాక ఒకటి విప్పి పారేయడానికి వీల్లేదు. బయలుదేరినప్పుడున్న ప్రతి వస్తువుతోనూ గమ్యం చేరాలని నిబంధన. కాఫీ హోటల్లో కూర్చున్న వాళ్లను విలేకరి ఆల్బేర్ లోంద్ర్ పట్టుకున్నాడు. కళ్లకు కొకైన్, చిగుళ్లకు క్లోరోఫాం, ఇంకా గోలీల డబ్బాలు బల్ల మీద పెట్టి చూపించారు. లోంద్ర్ అంతకు ముందు ఏడే కయెన్ ద్వీపాంతర శిక్షా శిబిరాల మీద రాసి వచ్చినవాడు. ఆ కళ్లకు వీళ్లు వీరులుగా కాక రోడ్డు ఖైదీలుగా కనిపించారు. కష్టం భరిస్తాంగాని అవమానం భరించమన్న ధోరణిలో పెలిసియే 'లుమానితే' కమ్యూనిస్టు పత్రికకు లేఖ రాశాడు.

విమర్శకుడు ఇక్కడ తొందరపడరాదు. ఆ విలేకరికి సైకిల్ పందేల సంగతి అంతగా తెలియదనీ, మందుల విషయంలో కొంత ఆటపట్టించామనీ ఫ్రాన్సిస్ తర్వాతి కాలంలో చెప్పుకున్నాడు. కొంత అతిశయోక్తి ఉండవచ్చు. కాని 1930లో నిర్వాహకులు జట్ల ఖర్చులు భరించడం మొదలుపెట్టినప్పుడు, మందులు మాత్రం తాము సరఫరా చేయబోమని నిబంధనావళిలోనే గుర్తు చేశారు. 'వాడరాదు' అనలేదు, 'మా ఖర్చుతో కాదు' అన్నారు. లోంద్ర్ కథనానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

రోలాఁ బార్త్ 1957 నాటి తన వ్యాస సంపుటిలో ఈ పందేన్ని ఇతిహాసంగా చదివాడు. మహావీరుడికి హఠాత్తుగా వచ్చే ఊపు దైవదత్తం, మందు ఆ దైవశక్తిని దొంగిలించడమనే పురాణ దృష్టిని ఎంతో సొగసుగా బయటపెట్టాడు. అభిమాని మనసు ఆయనకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. అయితే ఆ వ్యాసంలో జీతం లేదు, ఒప్పందం లేదు. వ్యాసం వచ్చిన పదేళ్లకు, 1967 జులై 13న, బ్రిటిష్ రైడర్ టామ్ సింప్సన్ వాంతూ కొండ ఎక్కుతూ ఎండలో కుప్పకూలి చనిపోయాడు. వయసు 29. జేబులో ఆంఫెటమిన్ గోలీలు దొరికాయి. అంతకు ముందటేడు బోర్దో దగ్గర తొలిసారి పరీక్షలు జరిపితే, మర్నాడు రైడర్లంతా సైకిళ్లు దిగి నడిచి నిరసన తెలిపారు. సమ్మె మనకు ప్రియమైన మాట. కాని ఈ సమ్మె తమను చంపుతున్న దాన్ని కాపాడుకోవడానికి. ఈ వైరుధ్యాన్ని దాటవేస్తే మన విశ్లేషణకు విలువ లేదు.

మన దగ్గర కల్తీ కల్లు కథ తెలిసిందే. క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్ కలిపిన కల్లుకు అలవాటుపడ్డ కూలీలు, 2015లో కల్తీ మీద దాడులు జరిగి అది దొరకకపోయేసరికి, నిజామాబాద్ జిల్లాలో పిచ్చెత్తినట్టయి ఆసుపత్రుల పాలయ్యారు. తాగినవాణ్ణి ఎవరూ మోసగాడనలేదు. దుకాణం ఎవరిదని అడిగారు. సైకిల్ పందెంలో ఆ ప్రశ్న ఆలస్యంగా, 1998లో వచ్చింది. ఫెస్తినా జట్టు సహాయకుడు విల్లీ వోయెత్ కారు నిండా మందులతో సరిహద్దులో దొరికాడు. జట్టే వైద్యుడి ఆధ్వర్యంలో ఒక పద్ధతిగా మందులిచ్చిందని తేలింది.

అయినా కల్లు పోలిక కొంత దూరమే నడుస్తుంది. కల్లు తాగినవాడు తోటి కూలీ ముద్ద లాక్కోడు. మందు వాడిన రైడర్ వాడనివాడి బతుకు తీస్తాడు. క్రిస్తాఫ్ బాసోన్స్ 1999 పందెంలో ఒక పత్రికకు శీర్షిక రాస్తూ, మందు లేకుండా ఈ వేగం సాధ్యమా అన్న అనుమానాన్ని బాహాటంగా రాశాడు. తోటివారు మాట్లాడటం మానేశారు. లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ పక్కకొచ్చి ఇంటికి పొమ్మన్నాడు. మధ్యలోనే వెళ్లిపోయాడు. క్యాన్సర్ నుంచి లేచి వచ్చిన ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ ఏడాదే గెలిచాడు. ఆయన్ను శంకించడమంటే రోగుల ఆశను శంకించడమే అన్నట్టు కథ అల్లుకుంది.

ఆ కథ లోపలి నిజాన్ని ముందుగా చెప్పినవారిలో ఆయన జట్టులో ఒళ్లు మర్దన చేసిన కార్మికురాలు ఎమ్మా ఒరైలీ ఒకరు. 1999లో నిషిద్ధ మందు ఆనవాలు దొరికినప్పుడు, జీను పుండుకు పూసిన మందని వెనక తేదీతో చీటీ రాయించారని 2004లో వచ్చిన పుస్తకంలో ఆమె చెప్పింది. ఆమె మీద దావా పడింది, నోటికొచ్చిన నిందలు పడ్డాయి. అభిమానుల్లో ఎక్కువమంది ఆమెను నమ్మలేదు. నెత్తుటి గుండెబలంతో కొండలెక్కే వీరుడి ముందు, తువ్వాళ్లు ఉతికి సీసాలు నింపే మనిషి మాటకు విలువెక్కడిది? 2012 అక్టోబరులో అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ నివేదిక బయటికి వచ్చాక గాని ఆమె సాక్ష్యానికి బరువు రాలేదు. అదే నెలలో ఆర్మ్‌స్ట్రాంగ్ ఏడు విజయాలూ రద్దయ్యాయి. 1999 నుంచి 2005 దాకా విజేతల గడి ఖాళీగా ఉంది. ఎవరికివ్వాలో నిర్వాహకులకు తోచలేదు. రెండో స్థానంలో ఉన్నవారిలోనూ పలువురి పేర్లు మందుల వ్యవహారాల్లో ఉన్నాయి. ఆ ఏడేళ్లూ ఆ పందెం మీద అమ్ముకున్న ప్రకటనలను మాత్రం ఎవరూ రద్దు చేయలేదు.