మన నేల రాయి – మన ఇంటి సిమెంటు

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. గుమాస్తాగా ఎన్నో పర్మిట్లు వ్రాసిన వాణ్ణి గనుక సిమెంటు గురించే వ్రాస్తున్నాను.

మా చిన్నతనంలో ఆళ్లగడ్డలో ఎక్కువగా మట్టిమిద్దెలే. నాపబండలు పరచి పైన చవుడు పోసేవారు. కలిగినవారు గానుగసున్నంతో గోడలు కట్టించేవారు. ఆ నాపరాయికీ, సున్నానికీ, తర్వాత వచ్చిన సిమెంటుకూ మూలం సున్నపురాయే. ఈ శిలలపై 1872లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ పెద్ద గ్రంథం వెలువరించాడు. కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేలు అంటూ శాస్త్రజ్ఞులు నేటికీ రాతిపొరలను మన ఊళ్ల పేర్లతోనే పిలుస్తారు.

1824లో ఇంగ్లాండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందాడు. మన వైపు 1955లో పాణ్యం సిమెంటు కంపెనీ ఏర్పడింది. నంద్యాల–డోన్ రైలుమార్గంలో ఆ ఫ్యాక్టరీ వెలసిన చోటు సిమెంట్ నగర్ అయింది.

తయారీ పద్ధతి ఇది. గనిలో పేల్చిన సున్నపురాయిని క్రషర్లో నలగ్గొట్టి, తగుపాళ్లలో బంకమన్ను, కొంచెం ఇనుపరాయి కలిపి మెత్తగా పొడి చేస్తారు. ఏటవాలుగా తిరిగే పొడవాటి కొలిమిలో ఆ పొడిని సుమారు 1450 డిగ్రీల వేడిలో కాలుస్తారు. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలితే 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా పోతుంది. చివరకు గోలీల వంటి బూడిదరంగు ఉండలు వస్తాయి. అదే క్లింకరు. దానికి కొద్దిగా జిప్సం చేర్చి విసిరితే సిమెంటు. జిప్సం లేకుంటే నీళ్లు తగలగానే బిగుసుకుపోయి మేస్త్రీకి పని సాగదు.

ఆ రోజుల్లో సిమెంటుకు కంట్రోలు. 1982 ఫిబ్రవరిలో కొంత, 1989 మార్చిలో పూర్తిగా ఎత్తివేశారు. 1979లో మా నాయన ఇంటికి స్లాబు వేయదలచినప్పుడు, గుమాస్తానైనా మా దరఖాస్తును నేను ముందుకు జరపలేదు. ఎనిమిది నెలలకు నలభై బస్తాలు వచ్చాయి. వానాకాలంలో వాటిని మట్టినేల మీదనే గోడకానించి పేర్చింది నేనే. మేస్త్రీ వచ్చి చూసేసరికి సగం బస్తాలు రాళ్లయ్యాయి. పర్మిట్లు వ్రాసే నాకు సిమెంటు గుణం తెలియదు! రెండు గదులకే స్లాబు పడింది. మూడో గది మట్టిమిద్దెగానే మిగిలింది. వానకు కారే ఆ గదిలోనే నాయన చివరిదాకా పడుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు.

సిమెంటు ఆరి గట్టిపడదు, నీటితో కలిసి గట్టిపడుతుంది. అందుకే గాలిలోని తేమ కూడా బస్తాకు శత్రువు. కట్టాక మాత్రం నీరే దానికి బలం. ఇల్లు కట్టే మీ పిల్లలకు రెండు మాటలు చెప్పండి: బస్తాలు చెక్కలపై, గోడకు ఎడంగా పేర్చమనండి. స్లాబును కనీసం వారం రోజులు తడపమనండి. నాకు ఆలస్యంగా తెలిసింది వారికి ముందే తెలియాలని నా కోరిక.