లదేణి ఎద్దుల నుంచి సాగర్ కాలువ దాకా

2024 ఆగస్టు ఆఖరున, సెప్టెంబరు మొదట్లో కోదాడ చుట్టుపక్కల కురిసిన వానలు మనమెవరం మరచిపోలేం. నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నడిగూడెం మండలం కాగితరామచంద్రాపురం దగ్గర గండి పడింది. పొట్టకొచ్చే పైరు కొట్టుకుపోయింది. నీళ్లు తీశాక చూస్తే పొలాల్లో ఇసుక మేట. బడి మళ్లీ తెరిచిన రోజుల్లో ఒక తండా పిల్లవాడు తరగతిలో లేచి, "సార్, మా పొలమంతా ఇసుకనే. ఇగ మేమేం జేయాలె?" అని అడిగాడు.

ఆ రోజు మేము సరైన జవాబు చెప్పలేకపోయాం. ధైర్యంగా ఉండమన్నాం. కానీ ధైర్యం ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో చెప్పలేదు. తరువాత ఆలోచిస్తే తోచింది ఇది. ఉన్నట్టుండి బతుకుదెరువు పోవడం, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడం మన లంబాడా తండాలకు కొత్త కాదు. గడచిన నూట ముప్పై ఏళ్లలో ఒకటికి మూడుసార్లు మన పెద్దలు ఆ పని చేశారు. అది మన పిల్లలకు ఎవరూ చెప్పలేదు. ఆ పిల్లవాడికి ఆ రోజు చెప్పాల్సిన మాటలే ఈ వ్యాసం.

కోట చరిత్ర, తండా చరిత్ర

నడిగూడెం అనగానే కోట గుర్తుకొస్తుంది. మునగాల పరగణా జమీందారు రాజా నాయని వెంకట రంగారావు ఇక్కడే ఉండేవారు. హైదరాబాదులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెనుక ఆయన చెయ్యి ఉంది. కొమర్రాజు లక్ష్మణరావు ఆయన దగ్గర దివానుగా పనిచేశారు. జాతీయ జెండా రూపకర్త పింగళి వెంకయ్య కూడా ఈ పరగణాలో ఉండి పత్తి మీద పరిశోధన చేశారు. ఇవన్నీ మన ఊరికి గర్వకారణాలే. పిల్లలకు చెబుతున్నాం, చెప్పాలి కూడా.

అయితే కోట గురించి పుస్తకాలున్నాయి, తండా గురించి లేవు. కోటవాళ్ల దగ్గర కాగితాలుండేవి. మన పెద్దల దగ్గర ఎద్దులు, గోణెలు, పాటలు ఉండేవి. ఎద్దులు పోయాయి, గోణెలు చిరిగాయి, పాటలు మన అవ్వలతోపాటే పోతున్నాయి. మనకు చరిత్ర లేదనే మాట అలా పుట్టింది. ఉన్న చరిత్రను రాసుకోలేదన్నది అసలు సంగతి.

లదేణి కాలం

మన పెద్దల పని లదేణి. ఎద్దుల మీద గోణెలు వేసి ఉప్పు, ధాన్యం, పప్పులు ఒక సీమ నుంచి ఇంకో సీమకు చేర్చడం. పదిహేడో శతాబ్దంలో మన దేశంలో తిరిగిన ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే పది పన్నెండు వేల ఎద్దుల బిడారాలు దారిలో ఎదురయ్యేవని రాశాడు. షాజహాను కాలంలో, 1630 ప్రాంతంలో, మొగలు సైన్యానికి ధాన్యం మోస్తూ భంగీ, జంగీ అనే నాయకులు దక్కనుకు వచ్చారని మనవాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. 1791-92లో కారన్‌వాలిస్ శ్రీరంగపట్నం మీదికి పోయినప్పుడు ఆ సైన్యానికి తిండిగింజలు చేర్చినవాళ్లలో మనవాళ్లున్నారు. 1799లో టిప్పు మీద జరిగిన ఆఖరి యుద్ధంలోనూ అంతే. ఏ రాజుకు మోశారన్నది వేరే చర్చ. మన ఎద్దులు కదలకపోతే సైన్యాలు కదిలేవి కావన్నది మాత్రం నిజం.

ఈ పనికి లెక్క కావాలి. ఏ ఊళ్లో ఉప్పు ధర ఎంత, ఏ వాగు ఎప్పుడు పొంగుతుంది, ఎక్కడ మేత దొరుకుతుంది, ఎవరికి అప్పు ఇవ్వొచ్చు అన్నవన్నీ తెలియాలి. నాయక్ మాట మీద తండా అంతా నడిచేది. కారభారి పనులు చక్కబెట్టేవాడు. ఆడవాళ్లు ఎద్దుల వెంట నడిచేవారు, గోణెలు అల్లేవారు, కుట్టేవారు, బేరం చేసేవారు. మనల్ని తిరుగుబోతు జాతి అన్నవాళ్లకు తెలియనిది ఇదే. ఊరికే తిరగలేదు, సరుకు మోస్తూ తిరిగారు.

రైలు వచ్చిన రోజు

నిజాం రైలు 1874లో వాడి నుంచి సికింద్రాబాదు చేరింది. ఆ తరువాత వరంగల్లు, డోర్నకల్లు, ఖమ్మం మీదుగా 1889 నాటికి బెజవాడ దాకా పట్టాలు పడ్డాయి. కోస్తా ఉప్పు ఇక రైలెక్కింది.

తరగతిలో ఈ లెక్క పిల్లలచేత చేయించండి. బరువు మోసే ఎద్దు రోజుకు పది పన్నెండు కిలోమీటర్లు నడుస్తుంది. బెజవాడ నుంచి సికింద్రాబాదుకు రైలు దారి మూడువందల యాభై కిలోమీటర్ల చిల్లర. ఎద్దుకు నెల పడుతుంది, రైలుకు ఒక్క రోజు చాలు. ఒక్కో ఎద్దు వంద కిలోలకు పైన మోస్తే, ఒక గూడ్సు బండి ఎన్ని ఎద్దుల పని చేస్తుంది? ఈ లెక్క చేసిన పిల్లవాడికి తన ముత్తాత సోమరితనం వల్ల పేదవాడు కాలేదని మనం వేరే చెప్పనక్కర లేదు.

దెబ్బ మనకొక్కరికే తగలలేదు. ఉప్పు ఎరుకలవాళ్లు కూడా ఎద్దుల మీద, గాడిదల మీద కోస్తా ఉప్పు పైసీమకు తెచ్చి ధాన్యానికి మార్చుకునేవారు. 1805లో మద్రాసు ప్రాంతంలో ఉప్పు మీద కుంపిణీ గుత్తాధిపత్యం వచ్చింది. తరువాత రైలు వచ్చింది. వాళ్ల బేరమూ పడిపోయింది.

బేరం పోయిన జాతుల మీద తరువాత మచ్చ వేశారు. నేరస్థ తెగల చట్టం 1871లో ఉత్తరాన మొదలైంది. 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకలవాళ్లను స్టువర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో పెట్టారు. నిజాం రాజ్యంలో లంబాడాల మీద పోలీసు నిఘా సాగింది. నిన్నటి దాకా సరుకు అప్పగించి పంపిన ఊళ్లే, పని పోయాక మనవాళ్లను దొంగలుగా చూశాయి. స్వాతంత్య్రం వచ్చాక 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. మచ్చ మాత్రం అదే రోజు పోలేదు. ఆ కాలాన్ని చరిత్రకారుడు భంగ్యా భుక్యా 'సబ్జుగేటెడ్ నోమాడ్స్' అనే తన ఇంగ్లీషు పుస్తకంలో వివరంగా రాశారు. టీచర్లు దాన్ని చదవాలి.

రెండో బతుకు

లదేణి పోయాక మన పెద్దలు ఏం చేశారు? చేతిలో ఉన్నది ఎద్దు, తెలిసినది పశువు. అందుకని పశువులు పెంచి రైతులకు ఎద్దులు, పాలు, నెయ్యి అమ్మారు. అడవి అంచుల్లో, గుట్టల పక్కన తండాలు నిలిచాయి. అడవి మీద సర్కారు కట్టుబాట్లు పెరిగి, మేతకు పుల్లరి కట్టాల్సి వచ్చేసరికి పొద కొట్టి జొన్న, సజ్జ వేశారు. దొరల దగ్గర జీతం ఉన్నారు, వెట్టి చేశారు.

మన ప్రాంతంలో ఇంకో చిక్కు ఉండేది. మునగాల పరగణా కృష్ణా జిల్లాలో భాగం, అంటే ఇంగ్లీషువాళ్ల మద్రాసు రాష్ట్రం. చుట్టూ ఉన్నది నిజాం రాజ్యం. సరిహద్దు దాటే సరుకు మీద నిజాం సర్కారు కరోడ్‌గిరి సుంకం వేసేది. అన్నదమ్ముల తండాలు రెండు రాజ్యాల్లో, రెండు చట్టాల కింద బతికాయి.

సాగుచేసిన భూమి తమదేనని అడగడం మనవాళ్లు త్వరగానే నేర్చుకున్నారు. తెలంగాణ సాయుధ పోరాటంలో జనగామ వైపు ధర్మాపురం లంబాడాలు భూమి కోసం దొరలతో తలపడ్డారు. ఆ పోరులో నిలిచిన జాటోతు ఠాను నాయక్ 1950లో ప్రాణమిచ్చాడు. మునగాల పరగణా రైతులు జమీందారీ మీద చేసిన పోరాటం అంతకుముందే మొదలైంది. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది.

కాలువ తెచ్చినది, తీసుకుపోయినది

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు వచ్చి మెట్ట భూములను వరి మాగాణి చేసింది. జొన్న తిన్న ఇళ్లలో వరి అన్నం ఉడికింది. నాటు వేయడం, నీరు కట్టడం మన ఆడవాళ్లు ఒకటి రెండు కార్లలోనే నేర్చుకున్నారు. ఇది మూడో బతుకు.

అయితే నీళ్లతోపాటు భూమి ధరా పెరిగింది. డబ్బున్నవాళ్లు బయటి నుంచి వచ్చి కొన్నారు. మనవాళ్లు కొందరు అప్పుకు, పెళ్లి ఖర్చుకు తెల్లకాగితం మీద వేలిముద్ర వేసి ఎకరాలు వదులుకున్నారు. వాటినే సాదాబైనామాలు అంటారు. ఏజెన్సీలో గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనకుండా 1 ఆఫ్ 70 చట్టం ఉంది. అది షెడ్యూల్డు ప్రాంతాలకే వర్తిస్తుంది. సూర్యాపేట, కోదాడ వైపు మైదాన తండాలకు ఆ రక్షణ లేదు. సర్కారు పంచిన అసైన్డు భూమి అమ్మడం, కొనడం చెల్లదని 1977 చట్టం చెబుతుంది. ఈ రెండు ముక్కలు ప్రతి తండా యువకుడికీ తెలిసి ఉండాలి. కాలువ గండి పూడ్చవచ్చు. తెల్లకాగితం మీద పోయిన భూమి తిరిగి రావడం చాలా కష్టం.

బడి గంట, వరకట్నం

ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలు, లంబాడీలు షెడ్యూల్డు తెగల జాబితాలో ముందే ఉన్నారు. తెలంగాణలో మనం లేము. ఒకే భాష, ఒకే గోత్రం, అయినా హద్దుకు అటువాడు గిరిజనుడు, ఇటువాడు కాదు. 1976 సవరణ చట్టంతో ఆ తేడా పోయింది. దాని మీద తెగల మధ్య వాదం ఈనాటికీ ఉంది. ఆదివాసీ సోదరుల ఆవేదన వినాలి, కూర్చుని మాట్లాడుకోవాలి. తరగతిలో మాత్రం ఏ పిల్లల మధ్యా అది గోడ కాకూడదు. ఆ చట్టం తరువాతనే మన పిల్లలు హాస్టళ్లలో చేరారు, ఉద్యోగాలు వచ్చాయి. మేము పలక పట్టింది, ఈ రోజు ఈ వ్యాసం రాస్తున్నది దాని వల్లనే. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తండాలు పంచాయతీలయ్యాయి. 2019 జనవరి ఎన్నికల్లో తండావాళ్లే సర్పంచులయ్యారు.

ఇక్కడ ఒక చేదు మాట చెప్పక తప్పదు. పూర్వం మన పెళ్లిళ్లలో మగపెళ్లివారే ఆడపిల్ల ఇంటికి ఓలి ఇచ్చేవారు. పిల్ల పని చేసే మనిషి, ఆ ఇల్లు ఒక మనిషిని పోగొట్టుకుంటుంది అన్న లెక్క అందులో ఉంది. స్థిరపడ్డాక, భూమి వచ్చాక, చదువు వచ్చాక ఆ ఓలి తిరగబడి కట్నమైంది. ముందుగా ఎక్కువ కట్నం తీసుకున్నది ఎవరు? ఉద్యోగం వచ్చినవాళ్లం. మా టీచర్లమూ అందులో ఉన్నాం. కట్నం భయం, పేదరికం కలిసి ఎక్కడి దాకా తెచ్చాయో 1999 ప్రాంతంలో దేవరకొండ వైపు తండాల నుంచి ఆడశిశువుల అమ్మకాల వార్తలు వచ్చినప్పుడు లోకమంతా చూసింది. మార్పును తట్టుకున్నాం అని గొప్పగా చెప్పుకునే ముందు, ఆ మార్పు బరువు ఎవరి నెత్తిన పెట్టామో కూడా చెప్పుకోవాలి.

ఆ పిల్లవాడికి

ఈ చరిత్రలో మన పిల్లలకు పనికొచ్చేవి మూడు సంగతులున్నాయి. ఒకటి, మన పెద్దలు కొత్త పని వెతికేటప్పుడు తెలిసిన పనిని వదిలేయలేదు. ఎద్దు మీద సరుకు పోయాక ఆ ఎద్దునే అమ్మారు, ఆ ఎద్దుతోనే దున్నారు. రెండు, ఒంటరిగా కదలలేదు. తండా కూర్చుని మాట్లాడుకుని కదిలింది. ఈనాడు అప్పుల్లో మునిగిన యువకుడు ఎవరికీ చెప్పకుండా ప్రాణం తీసుకుంటున్నాడంటే ఆ కూర్చోవడం పోయిందన్నమాట. మూడు, వాళ్లు ఓడిన ప్రతిచోటా కాగితం లేక ఓడారు. నేరస్థుడని రాసిన కాగితం ఎదుటివాడి దగ్గర ఉంది, భూమి తనదని రాసిన కాగితం మనవాడి దగ్గర లేదు.

అందుకే ఆ పిల్లవాడిని పిలిచి మళ్లీ మాట్లాడాం. ఇసుక మేట వేసిన మడి ఎంత, పట్టాదారు పాసుపుస్తకంలో సర్వే నంబరు ఏది, ఏ పంట ఎంత పోయింది అన్నవి నాన్నతో కూర్చుని తెల్లకాగితం మీద రాయమన్నాం. ఆ కాగితం నష్టం లెక్కకు వచ్చే అధికారికి ఇవ్వడానికి, ఒక నకలు ఇంట్లో దాచుకోవడానికి. ఇంకో కాగితం మీద నాయనమ్మను అడిగి నాలుగు సంగతులు రాసుకు రమ్మన్నాం. మన తండా ఇక్కడికి ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరు తెచ్చారు? మొదటి ఏడు ఏం తిన్నారు? మొదట దున్నిన భూమి ఏది?

వారం తరువాత రెండు కాగితాలూ తెచ్చాడు. రెండోదానిలో సగం గోర్‌బోలిలో, సగం తెలుగులో ఉంది. నాయనమ్మ చెప్పిన కొన్ని మాటలకు తెలుగు తెలియక అలాగే తెలుగు అక్షరాల్లో రాశాడు. మేము దిద్దలేదు.

ఈ పుస్తకం చదివే టీచర్లు తమ బడుల్లోనూ ఈ నాలుగు ప్రశ్నలు అడగాలని మా కోరిక. కోయ, చెంచు, ఎరుకల, లంబాడా, ఏ పిల్లలైనా సరే. అవ్వలు, తాతలు ఉన్నప్పుడే అడగాలి.