పుష్ప పరిశోధన, రైతు విత్తనం: ఇమ్రాన్ సిద్దిఖీ కృషి

మహేశ్వరం ప్రాంతంలో సంకర మొక్కజొన్న వేసే రైతు ఏటా కొత్త విత్తనం ఎందుకు కొనాలో ఆలోచించండి. కారణం పువ్వులోనే ఉంది. అండకణం ఏర్పడేటప్పుడు క్షయకరణ విభజన జరిగి క్రోమోజోముల సంఖ్య సగమవుతుంది, జన్యువులు కొత్తగా కలగలుస్తాయి. అందుకే దాచిన విత్తనం మొదటి పంటలా పండదు.

హైదరాబాదులోని సీసీఎంబీలో డాక్టర్ ఇమ్రాన్ సిద్దిఖీ ఈ విభజననే అధ్యయనం చేశారు. ఇందుకు ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కను ఎంచుకున్నారు. 2000లో ఆయన బృందం 'డయాడ్' జన్యువును వివరించింది. ఆ జన్యువు దెబ్బతింటే అండకణానికి మూలమైన మాతృకణం నాలుగుకు బదులు రెండు కణాలుగానే విడిపోతుంది. అటువంటి మొక్కకు విత్తనం పట్టడం అరుదు. పట్టిన కొద్ది విత్తనాలను పరీక్షించి, తల్లి క్రోమోజోములన్నీ సగం కాకుండానే అండకణంలోకి చేరగలవని 2008లో నిరూపించారు. 2011లో అమెరికా, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలతో కలిసి, జన్యుపరంగా తల్లినే పోలిన విత్తనాలను రూపొందించారు. అదే సంవత్సరం ఆయనకు ఇన్ఫోసిస్ బహుమతి లభించింది. 2019లో ప్రచురితమైన ఇతర బృందాల పరిశోధనలు వరిలోనూ ఇది సాధ్యమని చూపాయి.

ఈ విత్తనాలు ఇంకా సామాన్య రైతుకు అందలేదు. అందిననాడు అవి రైతు గాదెలో ఉంటాయా, కంపెనీల పేటెంట్లలో ఉంటాయా? విజ్ఞానశాస్త్ర చరిత్ర చదివే మీరు ఆవిష్కరణతోపాటు ఈ ప్రశ్ననూ పరిశీలించాలి.