లయ తప్పిన నాడి

పరుగెత్తి వచ్చిన బాలుని గుండె దడదడ కొట్టుకొంటుంది. జ్వరములోనూ, భయములోనూ అంతే. ఇందులో వింత లేదు. శరీరమునకు ఎక్కువ రక్తము కావలసి వచ్చినప్పుడు గుండె వేగము పెంచుతుంది. కాని కొందరికి నిమ్మళముగా కూర్చున్నప్పుడే గుండె ఒక్క క్షణము ఆగి, మరుక్షణము గట్టిగా కొట్టినట్లు తోస్తుంది. ఇది ప్రమాదమా? ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు చాలా కాలము పట్టింది.

నాడిని కొలవవలెనంటే ముందు కాలమును కొలవవలెను. ఇంగ్లండులో సర్ జాన్ ఫ్లాయర్ అనే వైద్యుడు సరిగా ఒక నిమిషము నడిచే గడియారమును చేయించి, దానితో నాడిని లెక్కించే పద్ధతిని 1707లో గ్రంథరూపమున ప్రకటించాడు. విశ్రాంతిగా ఉన్న పెద్దవారిలో నాడి సాధారణముగా నిమిషమునకు 60 నుండి 100 సార్లు కొట్టుకొంటుంది.

అంకె వేగమును చెబుతుంది గాని లయను చెప్పదు. ఆ పని జేమ్స్ మెకెంజీ చేశాడు. స్కాట్లండులో పుట్టిన ఈయన 1879 నుండి బర్న్‌లీ అనే మిల్లుల పట్టణములో సామాన్య వైద్యుడు. మణికట్టు వద్ద ధమనిని, మెడలోని సిరను ఒకేసారి కాగితముపై గీతలుగా దింపే యంత్రమును ఆయన వాడాడు. సిర గుండె పై గదుల కదలికను, ధమని కింది గదుల కదలికను తెలిపేవి.

గీతలను పోల్చి చూడగా రహస్యము బయటపడింది. ఆగిందనుకొన్న గుండె ఆగలేదు. వేళకు ముందే కొట్టింది! అప్పటికి గది రక్తముతో నిండలేదు గనుక ఆ దెబ్బ బలహీనమై ఒక్కొక్కప్పుడు మణికట్టును చేరదు. తరువాతి విరామము దీర్ఘము. అంతలో గది బాగా నిండుతుంది. అందుచేత మరుసటి దెబ్బ బలముగా తగులుతుంది. హాలండులో వెంకెబాక్ కూడ 1899లో క్రమము తప్పిన నాడిని ఇట్లే విశ్లేషించాడు.

స్పందనము పుట్టే స్థానమును 1907లో కీత్, ఫ్లాక్ అనేవారు కుడి పై గదిలో గుర్తించారు. ఐంథోవెన్ విద్యుత్ యంత్రము గుండె లయను గీతలుగా చూపించింది. తొందరపడిన దెబ్బ ఆ స్థానములో గాక మరొకచోట పుడుతున్నదని ఆ గీతలు తెలిపాయి. ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ బహుమానము లభించింది.

మెకెంజీ తన రోగులను ఏండ్ల తరబడి గమనించాడు. ఇట్టి దెబ్బలున్నవారు అనేకులు మంచమున పడక, పనులు చేసుకొంటూ సుఖముగా జీవించారు. అయితే లయభంగములన్నీ ఒకటి కావు. నాడి ఎప్పుడూ అస్తవ్యస్తముగా నడిచే వ్యాధికి కారణము పై గదుల కంపనమని 1909లో థామస్ లూయిస్ నిరూపించాడు. దానికి చికిత్స అవసరము.

తొందర దెబ్బలను మందుతో అణచితే ప్రాణరక్షణ కలుగుతుందని తరువాతి వైద్యులు తలచారు. గుండెపోటు వచ్చినవారిపై అమెరికాలో జరిగిన పరీక్ష ఈ నమ్మకమును తలక్రిందులు చేసింది. రెండు మందులు దెబ్బలను తగ్గించాయి. కాని అవి వాడిన 755 మందిలో 63 మంది, ఉత్తుత్తి మాత్రలు వాడిన 743 మందిలో 26 మంది మరణించారు. 1989లో ఆ మందుల పరీక్షను నిలిపివేశారు. లక్షణము వేరు, వ్యాధి వేరు.

విద్యార్థులు తమ నాడిని కూర్చుండి ఒకసారి, పరుగెత్తి ఒకసారి లెక్కించవచ్చును. ఊపిరి పీల్చునప్పుడు నాడి కొంచెము వేగమై, విడుచునప్పుడు నెమ్మదించుట గమనించవచ్చును; యువకులలో అది సహజమే. గుండె దడతోపాటు స్పృహ తప్పుట, రొమ్ము నొప్పి, ఆయాసము ఉన్నచో మాత్రము వెంటనే వైద్యుని చూడవలెను.