హైదరాబాద్ బాలుర హైస్కూళ్లు: పలక, బంతి, పదో తరగతి

హైదరాబాద్ నగరంలో మగపిల్లల హైస్కూళ్లకు నూట డెబ్బై ఏళ్ల చరిత్ర ఉంది. ఈ బడుల నుంచి మౌల్వీలు, వకీళ్లు, డాక్టర్లు, ఆఫీసర్లు వచ్చారు. దేశానికి ఆడిన క్రికెటర్లూ వచ్చారు. భారత ఫుట్‌బాల్‌కు రెండు ఆసియా క్రీడల స్వర్ణాలు తెచ్చిపెట్టిన కోచ్ కూడా ఈ బడుల్లో పాఠం చెప్పిన టీచరే. అయినా ఆడితే చెడిపోతాడు, చదివితే నవాబు అవుతాడు అనే పాత సామెత ఉర్దూ మాట్లాడే ఇళ్లలో నేటికీ వినపడుతూనే ఉంది. ఈ బడుల రికార్డు చూస్తే మాత్రం చదువూ ఆటా రెండూ ఒకే ఆవరణలో పెరిగినట్టు కనబడుతుంది.

మొదటి బడులు

మొదటి సాలార్ జంగ్ దివాన్‌గా ఉన్న రోజుల్లో, 1850లలో, దారుల్ ఉలూం మొదలైంది. అక్కడ అరబీ, ఫారసీ చదువులకు పెద్ద పీట. ఇంచుమించు అదే కాలంలో, 1855లో, గన్‌ఫౌండ్రీలో ఆల్ సెయింట్స్ హైస్కూల్ వచ్చింది. ఇది ఇంగ్లిష్ మీడియంలో నడిచే క్యాథలిక్ బడి. జాగీర్దార్ల పిల్లల కోసం 1923లో బేగంపేటలో జాగీర్దార్స్ కాలేజ్ పెట్టారు. జాగీర్దారీ రద్దయ్యాక అదే హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ అయింది. అక్కడ 1988 దాకా మగపిల్లలే చదివారు. 1918లో ఉర్దూ మీడియంలో ఉస్మానియా యూనివర్సిటీ రావడంతో ఉర్దూ హైస్కూళ్లలో చదివిన పిల్లలకు డిగ్రీ దాకా దారి తెరుచుకుంది.

రహీం సాబ్: బడి పంతులు, దేశానికి కోచ్

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో బి.ఏ. చేశారు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూం హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో టీచర్‌గా పనిచేశారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని, చివరి రెండు బడుల్లో ఆటల బాధ్యత కూడా చూసుకున్నారు.

1943లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికొచ్చింది. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1950 నుంచి భారత జట్టు కోచ్ కూడా ఆయనే. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మళ్లీ స్వర్ణం వచ్చాయి. అప్పటికే ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్. 1963 జూన్‌లో కన్నుమూశారు. ఆయన జీవితంపై 2024లో "మైదాన్" సినిమా వచ్చింది.

ఆయన నేర్పిన తీరులో టీచర్ కనిపిస్తాడు. డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి అందగానే పాస్ ఇవ్వాలి అనే నియమంతో పోటీలు పెట్టేవారు. బలంలేని కాలితోనే కొట్టాలనే పోటీలూ పెట్టేవారు. పిల్లాడు ఏ సబ్జెక్టులో వెనకబడితే దానికే ఎక్కువ హోంవర్క్ ఇచ్చే ఉస్తాద్ పద్ధతి ఇది.

ఆల్ సెయింట్స్ కుర్రాళ్లు

మహమ్మద్ అజారుద్దీన్, వెంకటపతి రాజు, నోయెల్ డేవిడ్ ఆల్ సెయింట్స్‌లోనే చదివారు. అజారుద్దీన్ 1984-85లో ఇంగ్లాండ్‌పై ఆడిన మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు కొట్టారు. ఆటలో పడి ఆయన చదువు మానలేదు. నిజాం కాలేజీలో బి.కాం. పూర్తి చేశారు.

వీళ్లకంటే ముందు తరం సయ్యద్ ఆబిద్ అలీది. సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూల్, ఆల్ సెయింట్స్ రెండింటిలోనూ చదివారు. 1956లో ఆయన ఫీల్డింగ్ చూసి హైదరాబాద్ స్కూల్స్ జట్టులోకి తీసుకున్నారు. కొన్నేళ్లకు స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ క్రికెట్ జట్టు కట్టినప్పుడు ఆయనకు అందులో ఉద్యోగం దొరికింది. 1971లో ఓవల్‌లో ఇంగ్లాండ్‌పై భారత్‌ను గెలిపించిన చివరి బౌండరీ ఆయన బ్యాట్ నుంచి వచ్చిందే. మామూలు కుటుంబం కోణంలో చూస్తే ఆ ఫోర్ కంటే బ్యాంకు ఉద్యోగమే పెద్ద సంగతి. బడి ఆట అన్నం పెట్టగలదని అది చూపించింది.

ఆడిన ప్రతి ఒక్కరూ ఆటగాడు కావాలని లేదు. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో ఆఫ్ స్పిన్ వేసిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు. ఒక మ్యాచ్‌లో తన బౌలింగ్ బాగా లేకపోతే కెప్టెన్ తానే బంతి తీసుకుని వికెట్ పడగొట్టి, మళ్లీ బంతి తనకే ఇచ్చాడని, జట్టును నడపడం అప్పుడే అర్థమైందని ఆయన తన పుస్తకంలో రాసుకున్నారు.

పదో తరగతి దగ్గర ముడి

ఎనిమిదో తరగతి దాకా ఇంట్లో పెద్దగా గొడవ ఉండదు. అసర్ నమాజ్ తర్వాత మగ్రిబ్ అజాన్ దాకా పిల్లలు గల్లీలోనో గ్రౌండ్‌లోనో ఉంటారు. తొమ్మిదిలోకి రాగానే "ఇక బ్యాట్ అటక మీద పెట్టు బేటా" అంటారు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో ఆటలకు పేపర్ లేదు కాబట్టి డ్రిల్ పీరియడ్‌ను లెక్కల సార్ తీసేసుకోవడమూ చాలాచోట్ల మామూలే. సరిగ్గా ఆ వయసులోనే స్కూల్ గేమ్స్ అండర్-17 పోటీలు ఉంటాయి. అప్పుడు ఆట మానేసిన పిల్లాడు మళ్లీ ఆ మెట్టు ఎక్కడం కష్టం.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఆటోడ్రైవర్ కొడుకు మహమ్మద్ సిరాజ్‌కు తెలంగాణ ప్రభుత్వం 2024లో డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. అది గ్రూప్-1 స్థాయి పోస్టు, దానికి డిగ్రీ ఉండాలి. సిరాజ్ చదువు ఇంటర్ దాకానే. అందుకని ప్రభుత్వం ప్రత్యేకంగా నిబంధన సడలించాల్సి వచ్చింది. ప్రపంచ కప్ గెలిచిన జట్టులో ఉన్నవాడికి సడలింపు దొరుకుతుంది. జిల్లా స్థాయిలో ఆడిన పిల్లాడికి దొరకదు. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల్లో 2 శాతం క్రీడా కోటా ఉన్నా, పోస్టుకు కావాల్సిన చదువు లేకపోతే ఆ సర్టిఫికెట్ ఫైల్‌లోనే ఉండిపోతుంది.

ఇప్పుడున్న దారులు

తెలంగాణ మైనారిటీ గురుకులాలు 2016లో 71 బడులతో మొదలయ్యాయి. మరుసటి ఏడాది వాటిని 204కి పెంచారు. బాలురకు, బాలికలకు వేర్వేరు బడులు. ఐదో తరగతి నుంచి ఇంగ్లిష్ మీడియం, చదువు, భోజనం, హాస్టల్ ఉచితం. ఆటే ప్రధానంగా కావాలనుకుంటే హకీంపేటలోని రాష్ట్ర స్పోర్ట్స్ స్కూల్ ఉంది. అక్కడ చేరిక నాలుగో తరగతిలోనే జరుగుతుంది కాబట్టి పదో తరగతిలో ఆలోచిస్తే లాభం లేదు.

తల్లిదండ్రులు చూసుకోవాల్సినవి

పేరు: టీసీలో "ఎండీ", ఆధార్‌లో "మహమ్మద్", బర్త్ సర్టిఫికెట్‌లో "మొహమ్మద్" అని ఉంటే సెలక్షన్ల దగ్గరా, తర్వాత ఉద్యోగాల దగ్గరా చిక్కు వస్తుంది. "షేక్", "సయ్యద్" పేరుకు ముందా వెనకా అన్నది కూడా అన్ని కాగితాల్లో ఒకేలా ఉండాలి. పదో తరగతి మెమోలో ఏది పడితే అదే జీవితాంతం నిలుస్తుంది. నామినల్ రోల్స్ వెళ్లే ముందే సరిచేయించాలి.

పుట్టిన తేదీ: స్కూల్ గేమ్స్‌లో అండర్-14, 17, 19 విభాగాలు దీని మీదే నడుస్తాయి. వయసు తగ్గించి రాయిస్తే దొరికినప్పుడు ఆటా పోతుంది, పేరూ పోతుంది.

సర్టిఫికెట్లు: మండల స్థాయి నుంచి ప్రతి పోటీ కాగితాన్నీ దాచాలి. ఏ స్థాయి, ఏ విభాగం, ఏ సంవత్సరం అన్నవి స్పష్టంగా ఉన్నాయో లేదో తీసుకున్న రోజే చూసుకోవాలి.

బడిలో అడగాల్సిన ప్రశ్నలు: పీఈటీ సార్ ఉన్నారా? గ్రౌండ్ ఉందా? గత ఏడాది జోనల్ పోటీలకు ఎంతమందిని పంపారు? పోటీకి వెళ్లిన పిల్లాడికి పోయిన పాఠాలు మళ్లీ ఎవరు చెబుతారు? ఈ చివరి ప్రశ్నకు సరైన జవాబిచ్చిన బడిలో పిల్లాడు చదువుకో ఆటకో ఒకదానికి దూరం కావాల్సిన పని ఉండదు.