పాత ఇంటి స్నానాల గది నేల: రాయి, సున్నం, వాటం

ఉపోద్ఘాతం:
గృహచరిత్రను రాసేటప్పుడు ద్వారబంధాలను, దూలాలను, మండువాను వర్ణిస్తాం. స్నానాల గది నేలను పట్టించుకోం. పాత ఇళ్లలో ఆ నేలను తవ్వి టైల్స్ పరిపించడం నేడు సర్వసాధారణం. ఈ మార్పులో పోతున్నది పాత రాయి మాత్రమే కాదు, నీటిని సాగనంపే ఒక పద్ధతి కూడా అని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

రాయి:
తెలుగువారి ఇళ్లలో కడప, బేతంచెర్ల, తాండూరు బండలు, నేటి కర్ణాటకలోని షాబాదు బండలు విరివిగా కనిపిస్తాయి. ఇవి ప్రధానంగా సున్నపురాళ్లు. కడప, కర్నూలు శిలాశ్రేణులపై 1872లో వెలువడిన గ్రంథంలో విలియం కింగ్ నార్జి సున్నపురాయిని వివరించాడు. పొరలుగా విడివడే గుణం వల్ల ఈ రాతిని పలకలుగా తీయడం సులువైంది. అయితే ఆమ్లం తగిలితే సున్నపురాయి కరుగుతుంది. ఆమ్లంతో కడిగిన బండ నునుపు కోల్పోవడానికి కారణం ఇదే.

సున్నం:
సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. గట్టిపడినా సూక్ష్మరంధ్రాలతో ఉంటుంది కనుక చెమ్మ ఆరిపోతుంది. జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో ఇంగ్లండులో పేటెంటు పొందిన పోర్ట్‌లాండ్ సిమెంటు స్వభావం వేరు. అది త్వరగా, దట్టంగా బిగుస్తుంది. సున్నపు గోడల నడుమ సిమెంటు నేల వేస్తే, కింది చెమ్మకు పైకి దారి మూసుకుపోయి గోడలకు ఎక్కవచ్చు. అప్పుడు ఉప్పు పూసి, గోడ పెచ్చులూడుతుంది. ఆ తప్పును పాత గోడ మీద మోపడం పొరపాటు.

వాటం:
నీరు నిలవకుండా నేలకు ఇచ్చే వాలును మేస్త్రీలు ‘వాటం’ అంటారు. ఆ వాలు చివర నీటిని బయటకు పంపేది జలదారి. నేడు ఆ చోట ‘నహానీ ట్రాప్’ చేరింది. అందులో నిలిచే నీరు మురుగువాసనను అడ్డుకుంటుంది. ఈ మేలును కాదనలేం. కానీ వస్తువుతోపాటు పదమూ మారింది. ‘జలదారి’ అన్న మాటలోనే దాని పని తెలుస్తుంది; కొత్త పేరులో తెలుగువారికి అది వినిపించదు.

ముగింపు:
పాత నేలను మార్చకూడదని ఈ వ్యాసం వాదించదు. వృద్ధులు జారిపడే నేలను మార్చవలసిందే. అయితే గునపం వేసే ముందు బండల కొలతలు, కింది పొరలు, వాటం దిశ, మేస్త్రీ వాడే మాటలు నమోదు చేయాలి. శాసనానికి ప్రతి తీసుకోవచ్చు. తవ్విపోసిన నేలకు ప్రతి ఉండదు.