దయచేయండి!

తెలుగులో 'దయచేయు' అనే క్రియ ఉంది చూశారూ, దానంత గడుసుది మరొకటి లేదు. గుమ్మంలో నిలబడ్డ పెద్దమనిషితో "దయచేయండి" అంటే లోపలికి రమ్మని. అదే మాట కాస్త గొంతు మార్చి, చెయ్యి వీధివైపు చూపించి అన్నామా, ఇక బయటికి నడవమని! ఏదైనా ఇప్పించమనడానికీ అదే. వచ్చినా, పోయినా, ఇచ్చినా ఆయన మనమీద దయ చూపినట్టే. ఆయన మెట్టు మీద, మనం మెట్టు కింద.

దీనికి అన్నగారు 'విచ్చేయు'. పూర్వరూపం 'విజయంచేయు'. రాజుగారు కాలు కదిపితే అది విజయయాత్రే మరి! శ్రీకాకుళం జిల్లా దాటితే వినిపించే ఒడియాలో దాని తోబుట్టువు 'బిజే'. రథయాత్ర ముగిశాక పూరీ జగన్నాథుడు తిరిగి గుళ్లోకి వెళ్లడం 'నీలాద్రి బిజే'. దేవుడికి ఆ మాట చెల్లుతుంది. చిక్కంతా మనుషుల దగ్గరే.

1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. వాళ్లముందు చేతులు కట్టుకు నిలబడ్డ క్రియ మాత్రం రద్దు కాలేదు, అర్జీల్లో దూరి సర్కారు కచేరీలకు మకాం మార్చింది. జనం మాట్లాడే భాషే కాగితం మీదికి రావాలని పోరాడిన గిడుగు రామమూర్తిగారు 1863లో పుట్టింది ఈ జిల్లాలోనే. ఆయన గాలి అర్జీలకి సోకినట్టు లేదు. (చెప్పులు విడవమనే బోర్డు మీద కూడా 'దయచేసి' ఉంటుంది గానీ, అక్కడ పాపం దానికి కోరలు లేవు.)

ఈ జిల్లా తీరంలోనే సంతబొమ్మాళి మండలంలో భావనపాడు ఉంది. చేపలవేట ఊరు. ఆ ఊరిపేరుతో తలపెట్టిన రేవుకి చివరికి దగ్గర్లోని మూలపేటలో 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. రేవంటే భూములు కావాలి, ఇళ్లు కదలాలి. ఇలాంటిచోట మన క్రియ విశ్వరూపం చూపిస్తుంది. ముందు పెద్దలు దయచేస్తారు. తర్వాత పరిహారం దయచేయమని అర్జీలు. ఆఖరికి దయచేయవలసింది ఊరివాళ్లే!

2013 నాటి భూసేకరణ చట్టం పూర్తిపేరు ఒకసారి చదివి చూడండి. న్యాయమైన పరిహారం పొందే 'హక్కు' అని పేరులోనే ఉంది. దయ ఊసే లేదు. హక్కున్నవాడు "ఇవ్వండి" అంటే చాలు. అయినా అర్జీ రాసిపెట్టేవాడి కలం 'దయచేసి' దగ్గరే మొదలవుతుంది. అదెందుకయ్యా అని అడిగితే, "అలా రాస్తేనే అర్జీలా ఉంటుంది బాబూ" అంటాడు.